తెర తీయలేదు, తలుపు తెరిచారు

తార్నాక చౌరస్తాలో ఒక ఉదయం పది నిమిషాలు నిలబడి చూడండి. మెట్రో మెట్లు దిగి వచ్చేవారు కొందరు, ఆర్టీసీ బస్సు దిగేవారు మరికొందరు. బుర్ఖా వేసుకున్న అమ్మాయి, చున్నీ తలమీదకు లాక్కున్న అమ్మాయి, తలమీద ఏమీ లేని అమ్మాయి ఒకే ఆటోలో సర్దుకుని కూర్చుంటారు. ముగ్గురి చేతుల్లోనూ పుస్తకాలే. ముగ్గురి దారీ ఉస్మానియా విశ్వవిద్యాలయానికే.

ఈ దృశ్యం మనకు బాగా అలవాటైపోయింది. అందుకే ఇందులో విశేషం ఏముందని అనిపిస్తుంది. కాని వందేళ్ళు వెనక్కి వెళ్ళి చూస్తే విశేషం తెలుస్తుంది. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. ఈ రెండు మాటలు కలిసి తార్నాక అయిందని పెద్దలు చెబుతుంటారు. తీగ కంచె దగ్గర మనిషిని ఆపి, నీవెవరు, ఎక్కడికి పోతున్నావు అని అడిగే చోటు అన్నమాట. ఆడపిల్ల చదువుకు ఆ రోజుల్లో ప్రతి ఇంటి గుమ్మంలోనూ అలాంటి నాకా ఒకటి ఉండేది. దానిని దాటి బయటకు వచ్చినవారు బహు కొద్దిమంది.

ఆ నాకా ఎలా తొలగింది? ఉపన్యాసాలతో తొలగిందా, చట్టంతో తొలగిందా, లేక మరేదైనా మార్గంలోనా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మేము ఈ వారం ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాము. ఆయనను పొగిడేవారు ఉన్నారు, నిందించేవారూ ఉన్నారు. ఆయన వజ్రాల గురించి, పాత టోపీ గురించి కథలు కోకొల్లలు. మేము చెప్పదలచినది వాటి గురించి కాదు. పాలకుడు తీసుకునే ఒక నిర్ణయం ఇంటి లోపలి ఆలోచనను ఎంతవరకు మార్చగలదు, ఎక్కడ ఆగిపోతుంది అన్న సంగతి ఆయన జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆడపిల్లలున్న ప్రతి కుటుంబానికీ అది అక్కరకు వచ్చే సంగతి.

పురానీ హవేలీ నుంచి గద్దె వరకు

ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్‌లో హైదరాబాద్ పురానీ హవేలీలో జన్మించారు. తండ్రి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. తల్లి అమతుజ్జహ్రా బేగం. చిన్ననాడే ఉర్దూ, ఫారసీ, ఇంగ్లీషు భాషలు నేర్చారు. ఉర్దూ, ఫారసీలలో కవిత్వం చెప్పేవారు. 1906లో దుల్హన్ పాషా బేగంతో వివాహం జరిగింది. 1911 ఆగస్టులో తండ్రి మరణించడంతో ఇరవై అయిదేళ్ళ వయసులో గద్దె నెక్కారు.

ఆయన చేతికి వచ్చిన రాజ్యం చిన్నది కాదు. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడే కోటీ ముప్పై లక్షలకు పైగా ప్రజలు. వారిలో సుమారు సగం మంది తెలుగువారు. ఆ ఏడాది జరిగిన జనాభా లెక్కల ప్రకారం రాజ్యంలో చదవను, వ్రాయను వచ్చిన స్త్రీలు వందకు ఒక్కరు కూడా లేరు. ఈ విషయంలో హిందూ ముస్లిం తేడా పెద్దగా లేదు. బీద ఇంటి ఆడపిల్ల పొలంలోనో పనిలోనో ఉండేది. ఉన్నవారి ఇంటి ఆడపిల్ల ఘోషాలో ఉండేది. రెండు చోట్లా పలక మాత్రం ఉండేది కాదు.

అయితే హైదరాబాద్‌లో అప్పటికే కొన్ని దీపాలు వెలిగాయి. ఆరవ నిజాం కాలంలో, 1907లో, మహబూబియా బాలికల పాఠశాల మొదలైంది. విద్యాశాఖను చాలాకాలం నడిపిన సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ తన కూతురు తయ్యబా బేగంను చదివించారు. పట్టభద్రులైన తొలితరం ముస్లిం స్త్రీలలో ఆమె ఒకరు. 1908 మూసీ వరదల్లో బాధితులకు సేవ చేసి అమీనా హైదరీ పేరు పొందారు. కాని ఇవన్నీ పెద్దింటి కథలు. ఇంట్లో చదువుకున్న తండ్రి, చేతిలో డబ్బు, గుమ్మంలో పరదా బండి ఉన్న కుటుంబాలకు సాధ్యమైనవి. వీధి చివర గుమాస్తా కూతురికి ఆ భాగ్యం లేదు. తండ్రి మనసు మంచిదైనా కూతురిని పంపడానికి చోటు ఉండాలి కదా? ఆ చోటు కల్పించవలసినది ప్రభుత్వమే.

ఇంటి భాషలో విశ్వవిద్యాలయం

1917లో అక్బర్ హైదరీ నిజాంకు ఒక వినతిపత్రం సమర్పించారు. దేశంలో ఉన్న విశ్వవిద్యాలయాలన్నీ ఇంగ్లీషులో బోధిస్తున్నాయి. దాని వల్ల చదువు కొద్దిమందికే పరిమితమవుతున్నది. హైదరాబాద్‌లో దేశభాషలో బోధించే విశ్వవిద్యాలయం కావాలి అన్నది దాని సారాంశం. ఆ ఏప్రిల్ 26న నిజాం ఫర్మానా వెలువడింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1919 ఆగస్టులో గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో అద్దె భవనంలో తరగతులు మొదలయ్యాయి. మొదటి సంవత్సరం విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది. పుస్తకాలు లేకపోతే వాటిని తర్జుమా చేయడానికి ముందుగానే దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను నెలకొల్పారు. గణితం, వైద్యం, చట్టం, చరిత్ర ఉర్దూలోకి వచ్చాయి.

ఈ భాషా నిర్ణయానికి ఆడపిల్లల చదువుతో గట్టి సంబంధం ఉంది. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో ఆడపిల్లలకు అంతో ఇంతో ఉర్దూ అక్షరాలు వచ్చేవి. ఖురాన్ చదవడంతో పాటు ఉర్దూ చదవడం కూడా ఇంట్లోనే నేర్పేవారు. ఇంగ్లీషు మాత్రం దొరల భాష, దూరపు భాష. కాలేజీ చదువంతా ఇంగ్లీషులో ఉన్నంతకాలం, ఇంట్లో ఉన్న అమ్మాయికీ కాలేజీకీ మధ్య రెండు గోడలు ఉండేవి. ఒకటి ఘోషా గోడ. రెండవది భాష గోడ. ఉస్మానియా రెండవ గోడను ముందుగా కూల్చింది. అన్న తెచ్చిన పాఠ్యపుస్తకం చెల్లెలు తెరిచి చదివితే అర్థమయ్యే రోజు వచ్చింది.

మొదటి గోడ సంగతి తరువాత వచ్చింది. 1924లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్త్రీలకోసం ప్రత్యేక కళాశాలను నెలకొల్పింది. మొదట చేరిన విద్యార్థినులను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. కాలేజీ స్త్రీలకు మాత్రమే. రాకపోకలకు పరదా కట్టిన బండ్లు. ఆ తరువాత పై తరగతులకు మగవారితో పాటు చదవవలసి వచ్చినప్పుడు విద్యార్థినులు తెర చాటున కూర్చుని పాఠాలు విన్నారు. అధ్యాపకుని గొంతు వారికి వినిపించేది. వారి ముఖాలు మాత్రం ఎవరికీ కనిపించేవి కావు.

ఈ రోజు చదివేవారికి ఇది వెనుకబాటుగా తోచవచ్చు. తెర చాటున చదువేమిటని కొందరు నవ్వవచ్చు. కాని ఆనాటి తల్లిదండ్రుల స్థానంలో నిలబడి ఆలోచించండి. ప్రభుత్వం వారితో మీ ఆచారం తప్పు అనలేదు. మీరు ముందు మారండి, ఆ తరువాత మీ పిల్లకు చదువు ఇస్తాం అనలేదు. మీ ఆచారంతోనే రండి, చదువు మాత్రం తీసుకోండి అన్నది. కాదనడానికి తండ్రి దగ్గర సాకు లేకుండా పోయింది. హజ్రత్ ఆయిషా (రజి) తెర వెనుక నుంచి సహాబాలకు హదీసులు బోధించిన సంగతి ప్రతి ముస్లిం ఇంటికీ తెలిసినదే. ఘోషాకూ విద్యకూ వైరం లేదన్న మాట ఇంట్లో పెద్దలే అనడం మొదలుపెట్టారు.

మన తెలుగువారికి ఈ పద్ధతి కొత్త కాదు. మద్రాసు తిరువల్లిక్కేణిలో 1885లో మొదలైన గోషా ఆస్పత్రి పేరు వినని పాతతరం వారుండరు. మగ డాక్టరుకు చూపించడం ఇష్టంలేక ప్రాణాలు పోగొట్టుకుంటున్న స్త్రీలకు ఆడ డాక్టర్లతో వైద్యం అందించారు. ఘోషా మానితేనే మందు ఇస్తామని ఉంటే ఎంతమంది తల్లులు ఆ గడప తొక్కేవారు?

పొరుగు రాజులు ఏం చేశారు?

అదే కాలంలో మరికొందరు ముస్లిం పాలకులు వేరే దారి పట్టారు. అఫ్ఘానిస్తాన్ రాజు అమానుల్లా స్త్రీల చదువును, వేషాన్ని ఒక్కసారిగా మార్చాలని తలపెట్టారు. 1928లో కొందరు అమ్మాయిలను చదువుకోసం టర్కీ పంపారు. పన్నుల భారం, సైన్యంలో అసంతృప్తి కూడా తోడై తిరుగుబాటు లేచింది. 1929 జనవరిలో ఆయన గద్దె వదలవలసి వచ్చింది. తరువాత వచ్చినవాడు బాలికల పాఠశాలలను మూసేశాడు. ఇరాన్‌లో రెజా షా 1936 జనవరిలో పరదాను నిషేధించారు. పోలీసులు వీధుల్లో స్త్రీల ముసుగులు లాగేశారు. ఫలితంగా ఎందరో స్త్రీలు ఇల్లు కదలడమే మానేశారు. 1941లో ఆయన గద్దె దిగగానే ఎంతోమంది మళ్ళీ చాదర్ కప్పుకున్నారు.

మన దేశంలోనే భోపాల్‌లో మరొక ఉదాహరణ ఉంది. సుల్తాన్ జహాన్ బేగం పరదాలోనే ఉంటూ రాజ్యం ఏలారు. 1920లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలర్ అయ్యారు. ఒక స్త్రీ ఆ పీఠం మీద కూర్చుంటే ఆకాశం విరిగి పడలేదు. తరువాత 1935 నుంచి 1947 వరకు ఆ పదవిలో ఉన్నది మన ఉస్మాన్ అలీ ఖానే.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం బోధపడుతుంది. అధికారంతో ముసుగు లాగితే మనిషి మనసుకు మరో ముసుగు వేసుకుంటాడు. అవకాశం ఇచ్చి ఆగితే, ఆ మనసు తనంతట తాను కదులుతుంది. నిదానంగా కదులుతుంది, కాని వెనక్కి పోదు.

ఆయన ఇంటి పరదా

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఊరి ఆడపిల్లలకు కాలేజీ తెరిచిన నిజాం స్వంత ఇల్లు మాత్రం పాత పద్ధతిలోనే నడిచింది. ఆయన నివాసం కింగ్ కోఠీలో భార్యలు, ఇతర స్త్రీలు కలిసి పెద్ద జనానా ఉండేది. ఆ కోఠీ ప్రధాన ద్వారానికి పరదా గేట్ అని పేరు. దానికి ఎప్పుడూ ఒక తెర వేలాడేది. నిజాం బయటకు వెళ్ళినప్పుడు తెర పైకి ఎత్తేవారు. తెర దిగి ఉంటే ఆయన లోపల ఉన్నారని నగరవాసులు గ్రహించేవారు. లోపలి స్త్రీలు అనేకులకు ఆ తెర అవతలి లోకం తెలియదు. కుమార్తె షెహజాదీ పాషా పెళ్ళి లేకుండానే తండ్రి వెంట ఉండిపోయారు. కాలేజీకి ఫర్మానా వ్రాసిన చేయి ఇంట్లో ఆ పని చేయలేదు.

అయితే ఆ ఇంటికీ మార్పు వచ్చింది. 1931 నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఆయన ఇద్దరు కుమారుల వివాహాలు జరిగాయి. పెద్ద కుమారుడు ఆజం జాకు చివరి ఉస్మానీ ఖలీఫా కుమార్తె దుర్రు షెహ్వార్, రెండవ కుమారుడు మువజ్జం జాకు అదే వంశపు నిలోఫర్ కోడళ్ళుగా వచ్చారు. వారిద్దరూ ఘోషా పాటించలేదు. మామగారు వారిని బలవంతపెట్టలేదు. సభలకు వచ్చారు, శంకుస్థాపనలు చేశారు, నలుగురిలో మాట్లాడారు. తమ పాలకుని కోడళ్ళే అలా తిరుగుతుంటే, తమ కోడలు పరదా బండిలో కాలేజీకి పోవడం తప్పని ఏ ఇంటి పెద్ద అనగలడు?

నిలోఫర్‌కు పిల్లలు లేరు. 1949లో ఆమె దగ్గర పనిచేసే యువతి కాన్పులో మరణించింది. ఆ దుఃఖంలో నుంచే స్త్రీలకు, పసిపిల్లలకు ప్రత్యేక ఆస్పత్రి ఆలోచన పుట్టింది. 1953లో తెరిచిన నిలోఫర్ ఆస్పత్రి నేటికీ మన బిడ్డలను కాపాడుతున్నది.

తలుపు తెరుచుకోని ఇళ్ళు

ఇక మరొక సంగతి. తెలుగు పత్రిక చదివే మనం దీనిని దాటి పోకూడదు.

ఉర్దూ కొందరికి గోడను కూల్చిందని చెప్పుకున్నాం. అదే ఉర్దూ మరికొందరికి గోడ అయింది. రాజ్యంలో ఎక్కువమంది పిల్లల ఇంటి భాష తెలుగు, మరాఠీ, కన్నడ. విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉంది, రాయప్రోలు సుబ్బారావు వంటి కవి అక్కడ ఆచార్యులుగా పనిచేశారు. కాని తెలుగు ఒక పాఠం మాత్రమే. మిగతా చదువంతా ఉర్దూలోనే. 1928లో మాడపాటి హనుమంతరావు, ఆయన మిత్రులు హైదరాబాద్‌లో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టారు. నారాయణగూడ బాలికల పాఠశాలగా అది ప్రసిద్ధం. బోధన తెలుగులో కాబట్టి ఉస్మానియా గుర్తింపు దానికి దొరకలేదు. చివరికి ఎక్కడో పూనాలో కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం పెట్టుకోవలసి వచ్చింది. తార్నాక పక్కన తమ విశ్వవిద్యాలయం లేస్తుండగా హైదరాబాద్ తెలుగు ఆడపిల్లలు పూనా పరీక్షలు వ్రాశారు.

1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు దానితో పాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ జరిగింది. ఆడపిల్లల చదువు అక్కడ ముఖ్య విషయం. ప్రభుత్వం తలుపు తెరవని చోట జనమే తలుపు చేసుకున్నారు.

ఈ గోడ హిందువులకు మాత్రమే అడ్డు అనుకుంటే పొరపాటు. నల్గొండ, వరంగల్, ఖమ్మం పల్లెల్లో తెలుగే ఇంటి భాషగా ఉన్న ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దూదేకుల వారు ఉన్నారు, చిన్న వృత్తుల వారు ఉన్నారు. వారి అమ్మాయికి నగరంలోని ఉర్దూ కాలేజీ ఎంత దూరమో, పక్కింటి రెడ్డిగారి అమ్మాయికీ అంతే దూరం. మతం ఒకటే అయినంత మాత్రాన ఫర్మానా వారి గుమ్మం దాకా రాలేదు. ఒక విధానం ఎవరి ఇంటి భాషలో మాట్లాడుతుందో ఆ ఇంటి ఆలోచనే మారుతుంది. మిగతా ఇళ్ళు ఉన్నచోటే ఉంటాయి. ఈ పాఠం ఉస్మాన్ అలీ ఖాన్ పాలన మనకు తెలియకుండానే నేర్పింది.

రాళ్ళలో నిలిచిన పేరు

విశ్వవిద్యాలయానికి స్వంత ప్రాంగణం కోసం అడిక్‌మెట్ ప్రాంతంలో పద్నాలుగు వందల ఎకరాలు కేటాయించారు. జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని విదేశాలకు పంపి పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలను చూసి రమ్మన్నారు. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్‌ను రప్పించారు. 1934 జులైలో ఆర్ట్స్ కాలేజీ భవనానికి నిజాం పునాది వేశారు. 1939 డిసెంబరు 4న ప్రారంభించారు. గుళ్ళ స్తంభాలు, మసీదుల కమానులు ఒకే కట్టడంలో కలిసి నిలబడ్డాయి. తార్నాక నుంచి లోపలికి నడిచి వచ్చేవారికి ఆ గులాబీ రంగు రాయి ఇప్పటికీ మొదట కనిపించి మనసును నిలుపుతుంది. దగ్గరలోని రైలు స్టేషన్ పేరు ఈనాటికీ జామియా ఉస్మానియాయే.

తరువాతి సంవత్సరాలు ఆయనకు కలిసిరాలేదు. పల్లెల్లో దొరల పెత్తనం, వెట్టిచాకిరీ మీద 1946 నుంచి రైతులు తిరగబడ్డారు. ఆ పోరాటంలో తెలంగాణ స్త్రీలు ముందు నిలిచారు. రజాకార్ల దౌర్జన్యాలను నిజాం అదుపు చేయలేకపోయారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆయన పాలన ముగిసింది. 1950 నుంచి 1956 వరకు రాజ్‌ప్రముఖ్‌గా ఉన్నారు. విశ్వవిద్యాలయంలో ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. ఎంతో శ్రమించి చేసిన అనువాదాలు అల్మారాలలో మిగిలిపోయాయి.

రాజ్యం పోయింది, భాష పోయింది. ఆడపిల్ల చదువు మాత్రం పోలేదు. గమనించవలసినది ఇదే. 1949లో స్త్రీల కళాశాల కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి మారింది. నూట యాభై ఏళ్ళ క్రితం రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నీసా బేగం కోసం అక్కడ జనానా కట్టించారు. ఒక బేగం పరదాలో గడిపిన ఆవరణలో వేలాది అమ్మాయిలు పుస్తకాలు పట్టుకుని తిరిగారు. కోఠీ ఉమెన్స్ కాలేజీగా మూడు తరాలవారు ప్రేమగా పిలుచుకున్న ఆ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. నిజాం కాలపు దొరతనాన్ని ఎదిరించిన ఒక బీద స్త్రీ పేరు, నిజాం నాటిన చెట్టుకు చేరింది. చరిత్ర ఇలాగే లెక్కలు సరిచేస్తుంది.

తెర చాటున మొదలైన చదువు ఎక్కడిదాకా పోయిందో చూడండి. సుగ్రా హుమాయూన్ మీర్జా పత్రికలు నడిపారు, 1934లో సఫ్దరియా బాలికల పాఠశాల పెట్టారు. తయ్యబా బేగం కుమార్తె మాసుమా బేగం 1952లో పాతబస్తీ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రి అయ్యారు. ఆమెకు ఓటు వేసినవారిలో పరదా బండ్ల తరం మగవారూ ఉన్నారు. రఫియా సుల్తానా, జీనత్ సాజిదా ఉస్మానియాలో ఉర్దూ బోధించారు. ఒకప్పుడు తెర వెనుక నుంచి వినిన చోట, ఇప్పుడు నల్లబల్ల ముందు స్త్రీలు నిలబడ్డారు. తెరను ఎవరూ చింపలేదు. దాని అవసరం తీరిపోయి దానంతట అదే పక్కకు జరిగింది. బుర్ఖా వేసుకోవాలనుకున్నవారు వేసుకున్నారు, వద్దనుకున్నవారు మానుకున్నారు. చదువు మాత్రం ఇద్దరికీ దక్కింది.

చివరి మజిలీ

1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో ఉస్మాన్ అలీ ఖాన్ కన్నుమూశారు. పూర్వపు నిజాములలో చాలామంది మక్కా మసీదు ఆవరణలో ఖననమయ్యారు. ఆయన మాత్రం తన ఇంటి ఎదుటి మస్జిద్-ఎ-జూదీలో, తల్లి సమాధి పక్కన చోటు కోరుకున్నారు. 1941లో తల్లి గతించిన తరువాత ఆయన ఆ సమాధి దగ్గరకు తరచూ వెళ్ళేవారు. లోకంలోనే గొప్ప ధనవంతుడని పేరు పొందిన మనిషికి ఆఖరున కావలసింది తల్లి పక్కన ఆరడుగుల నేల. జనాజా వెంట వచ్చిన జనానికి అంతు లేదు. నిందించినవారు కూడా ఆ రోజు నిలబడి చూశారు.

మనం ఎక్కడున్నాం?

ఆ కాలం గడిచిపోయింది. ఫర్మానాలు పోయి పథకాలు వచ్చాయి. కాని సూత్రం మారలేదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్ లేదు. దీని ఖర్చు గురించి, రద్దీ గురించి వాదాలు ఉన్నాయి. వాటిని వాదించేవారు వాదించనీయండి. ఒక ఇంట్లో మాత్రం ఏం జరుగుతుందో ఆలోచించండి. బస్సు చార్జీకి కొడుకుకా, కూతురికా అని లెక్కవేసే తండ్రికి ఆ లెక్క అక్కరలేదు. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు, ఆ సంస్థ వారసత్వపు బస్సులు ఒకనాడు ఆడపిల్లలను తార్నాకలో ఉచితంగా దింపుతాయని ఎవరు ఊహించి ఉంటారు?

అయినా ఒక నాకా మిగిలే ఉంది. దానిని ఏ ప్రభుత్వమూ తీయలేదు. ప్రతి ఏటా పీజీ ప్రవేశాల కాలంలో మన ఇళ్ళలో జరిగే చర్చ మీకు తెలిసినదే. అమ్మాయికి ఉస్మానియాలో సీటు వచ్చింది. హాస్టల్ ఉంది, స్కాలర్‌షిప్ ఉంది, బస్సు ఉంది. అయినా అబ్బా ఆలోచిస్తారు. ఇంత చదివితే అంత చదివిన అల్లుణ్ణి ఎక్కడ తేవాలి అంటుంది అమ్మీ. డిగ్రీ చాలదా అంటారు మామూజాన్. అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి వింటూ ఉంటుంది. ఆమెను ఎవరూ అడగరు.

వందేళ్ళ క్రితం తండ్రికి ఒక సాకు ఉండేది. చోటు లేదు, దారి లేదు, భాష లేదు, పరదాకు భంగం అనేవారు. ఆ సాకులను ఒక్కొక్కటిగా ప్రభుత్వాలు తొలగించాయి. మొదటిది తొలగించినవాడు తన ఇంటి తెర తీయలేకపోయిన ఒక నవాబు. తనవల్ల కానిది ఆయన ఇతరుల బిడ్డలకు సాధ్యం చేశారు. మిగిలిన చివరి అడుగు మన గుమ్మంలోనే ఉంది. దానికి ఫర్మానా రాదు. అది మనమే వేయాలి.

ఈ జుమా నమాజు ముగించి ఇంటికి వెళ్ళాక, కూతురిని పిలిచి ఏం చదవాలని ఉందమ్మా అని ఒక్కసారి అడగండి. జవాబు చివరిదాకా వినండి. తార్నాక బస్సు ఎన్ని గంటలకో తరువాత చూసుకోవచ్చు.